గేటు గొళ్ళెం

గ్యాస్ బండ వేసే మనిషి వెళ్ళాక చూస్తే గేటు బార్లా తీసి ఉంది.

సింగడు లేడు.

ఝాన్సీలక్ష్మి చీకటి పడేదాకా నరసరావుపేట వీధులన్నీ స్కూటీ మీద తిరిగింది. ఎర్రమచ్చల నాటుకుక్క, మెడపట్టీ మీద ఇంటి నంబరు రాసి ఉంటుంది, చూశారా అని కనిపించినవాళ్ళందరినీ అడిగింది.

ఇంట్లో కూతురు జ్యోతిర్మయి అన్నం ముట్టలేదు.

"సింగడు లేకుండా నేను కెనడా రాను. నువ్వూ నాన్నా ఉండండి అక్కడ."

భర్త ముందే వెళ్ళి కుక్కని రానిచ్చే ఇల్లు కూడా చూసి ఉంచాడు. నెలాఖరుకు ప్రయాణం. సింగడికి సూదులు అయ్యాయి, పెట్టె వచ్చింది, టికెట్టు తీశారు. పశువుల డాక్టరు సంతకం ఒక్కటే మిగిలింది.

పక్క వాటాలోని తోటికోడలు స్వాతి పిట్టగోడ మీద నుంచి తొంగి చూసింది. పంపకాలప్పటి నుంచి ఇద్దరి మధ్యా దెప్పుళ్ళే తప్ప మాటల్లేవు.

"కుక్కకి కెనడా ఇష్టం లేదేమో అక్కా."

ఝాన్సీకి ఇక సందేహం లేదు. ఇదంతా దీని పనే.

సింగడు వస్తాడేమోనని ఆ రాత్రి గేటు తెరిచే ఉంచి పడుకుంది.

తెల్లారి కళ్ళాపి చల్లడానికి బకెట్టుతో వచ్చేసరికి సింగడు గేటు లోపల కూర్చుని తోక ఊపుతున్నాడు. మూతి చుట్టూ ఎండిన రక్తం. ఒంటి మీద మాత్రం చిన్న గీత కూడా లేదు.

గొళ్ళెం తీసి వీధి ఆ చివరిదాకా చూసింది. ఎవరూ లేరు.

"ఎత్తుకుపోయినోణ్ణి కొరికి తప్పించుకొచ్చాడే జ్యోతీ, నా బంగారుకొండ!"

పిట్టగోడ అవతలికి వినబడేలా అంది.

మర్నాటి నుంచి గేటు దగ్గరికి ఒక మనిషి రావడం మొదలైంది.

మాసిన చొక్కా. కుడిచేతికి మణికట్టు నుంచి మోచేతి దాకా కట్టు.

"కుక్క అన్నం తింటందా అమ్మా?"

"తింటే నీకేంది, తినకపోతే నీకేంది?"

"నీళ్ళు తాగుతందా?"

ఝాన్సీ సింగడి వంక తిరిగి చూసింది. ఏదో పెట్టారు సింగడికి. అది పనిచేసిందో లేదో చూసిపోవడానికి వీణ్ణి పంపుతున్నారు. పైగా వీణ్ణి చూసి సింగడు మొరగలేదు. పెట్టిన చేతికి మచ్చికైపోయాడు మరి.

వారం దాటినా రోజూ వచ్చాడు. రోజూ అవే రెండు ప్రశ్నలు.

ఝాన్సీ మాచర్లలో ఉన్న తమ్ముడు భరత్‌కి ఫోన్ చేసింది.

"నేను విమానం ఎక్కేలోపు వాడి రెండో చేతికి కూడా కట్టు పడాలిరా. స్వాతి పేరు వాడి నోటితోనే చెప్పించాలి. వీధి వీధంతా వినాలి."

"నువ్వు నిలబడి చూస్తా ఉండక్కా."

మర్నాడు భరత్ ఆ మనిషిని చొక్కా పట్టుకుని నడివీధిలోకి లాగాడు. జనం పోగయ్యారు. పిట్టగోడ మీద స్వాతి కూడా ఉంది.

"చేతికి కట్టేంది?" అరిచింది ఝాన్సీ.

"పడ్డానమ్మా."

"అబద్ధం! మా సింగడు కరిచాడు. అవునా, కాదా?"

"నిజంగా కరిచిందా అక్కా?" స్వాతి ఫోన్ బయటికి తీసింది. "అయితే మున్సిపాలిటీవాళ్ళకి చెప్పాల్సిందే. కరిచే కుక్కని విమానం ఎట్టా ఎక్కిస్తారో చూస్తా."

అతను స్వాతి వంక చూశాడు. ఆమె చేతిలో ఫోన్ వంక చూశాడు.

"కరవలేదమ్మా. నన్ను ఏ కుక్కా కరవలేదు."

భరత్ అతని చెంప మీద కొట్టాడు.

"ఎవరు పంపార్రా నిన్ను?"

"ఎవరూ పంపలేదు."

రెండో చెయ్యి వెనక్కి విరిచినప్పుడు ఎక్కడో కటుక్కుమంది. అయినా స్వాతి పేరు రాలేదు. ఆ ఒక్కటే వెలితి. మిగతాదంతా చూసి ఝాన్సీ కడుపు చల్లబడింది.

"మళ్ళీ ఈ ఊళ్ళో కనబడ్డావంటే ప్రాణాలతో పోవు."

అతను మెల్లగా లేచాడు. గేటు సందులోంచి లోపలికి చూశాడు.

"పొద్దున అన్నం తిన్నాడా అమ్మా?"

ఆమె చెప్పు తీసి విసిరింది.

ఆ రాత్రి ఝాన్సీకి ఒళ్ళు తెలియని నిద్ర పట్టింది.

రెండు రోజుల తరవాత డాక్టరు సింగణ్ణి పరీక్ష చేసి, కాగితం మీద సంతకం పెట్టి ముద్ర వేశాడు.

"యల్లమంద మీకు చెప్పే వెళ్ళాడా అమ్మా?"

"యల్లమంద ఎవరు సార్?"

"అదేందమ్మా! మీ కుక్క కరిచిన మనిషి. లారీకి అడ్డం పోతుంటే పట్టుకుని లాగాడంట. బెదిరి కరిచింది. ఆ పొద్దున్నే నా దగ్గరికొచ్చి, మీ ఇంటి నంబరు చెప్పి, కుక్కకి సూదులు వేశారా సార్ అనడిగాడు."

ఝాన్సీ బల్ల మీది కాగితం వంక చూసింది.

"కరిచిన కుక్కని పదిరోజులు కనిపెట్టి చూడందే నేను సంతకం పెట్టకూడదు. అన్నం మానేసిందా, నీళ్ళకి భయపడుతుందా అని చూడాలి. ఈలోపు ఎవరన్నా అర్జీ పెడితే మీ ప్రయాణం ఆగిపోద్దని అతనికి చెప్పా. 'నేనే రోజూ చూసొచ్చి చెప్తా సార్, ఎవరితోనూ అనను' అన్నాడు."

"చివరిసారి ఎప్పుడొచ్చాడు సార్?"

"మొన్న. మూతి వాచిపోయి, రెండో చెయ్యి మెడకి వేలాడేసుకుని ఉన్నాడు. ఏందయ్యా అంటే పడ్డానన్నాడు. 'గడువైపోయింది సార్, కుక్క శుభ్రంగా ఉంది. ఆ పాపకి కాయితం ఇచ్చెయ్యండి' అని చెప్పి బస్సెక్కాడు. ఏ ఊరికో చెప్పలేదు."

బయట జ్యోతి సింగడి మెడ చుట్టూ చేతులు వేసి కేరింతలు కొడుతోంది.

ఇంటికొచ్చి గేటు తీయబోయిన ఝాన్సీ చెయ్యి గొళ్ళెం మీదే ఆగిపోయింది.

తను తెరిచి పడుకున్న గేటుకి ఆవేళ తెల్లారేసరికి గొళ్ళెం వేసి ఉంది. సింగడికి గొళ్ళెం వేయడం రాదు.