ముసుగేసిన కారు

ఈ నేరాన్ని ఎలాగైనా కప్పిపెట్టాలని లైబ్రేరియన్ ఆదివారం పొద్దున్నే నిర్ణయించుకున్నాడు.

నేరం అతను చేసింది కాదు. పేపరు కోసం బయటికొస్తే, ఇంటి ముందు నిలిపిన తమ కారుకి కుడివైపు హెడ్‌లైటు పగిలి ఉంది. పక్కింటి ఇనప గేటు ఒక రెక్క వంగి ఉంది. ఆ గేటు ముందు పక్కింటి రిటైర్డ్ ఇన్‌స్పెక్టరు గొంతుక్కూర్చుని, రోడ్డు మీద మెరుస్తున్న ముక్కల్ని ఒక్కొక్కటే ఏరి కవర్లో వేసుకుంటున్నాడు.

శనివారం సాయంత్రం కారు తీసుకెళ్ళింది భార్య. ఆమెకి లైసెన్సు వచ్చి రెండు నెలలు. ఇంకేం, విషయం తేలిపోయింది.

ఇన్‌స్పెక్టరు సామాన్యుడు కాడు. సర్వీసులో ఒక్క కేసూ వదల్లేదని ఆయనే చెబుతాడు. రిటైరయ్యాక కూడా, తన పూలకుండీ పడగొట్టిన పిల్లి ఎవరిదో వారం రోజులు కూపీ లాగి, దాని యజమానురాలి చేత క్షమాపణ పత్రం రాయించుకున్నాడు. కుండీకే అంతయితే, గేటుకి?

ఆయన లోపలికి వెళ్ళగానే లైబ్రేరియన్ చప్పుడు కాకుండా కారుకి కవరు తొడిగేశాడు.

మెకానిక్ దగ్గరికి తీసుకెళ్తే వీధంతా టాంటాం. అందుకని తెల్లటి వెలుగునిచ్చే కొత్తరకం ఎల్ఈడీ హెడ్‌లైట్ల జత తెప్పించుకుని, ఇంట్లోనే బిగించుకోవాలనుకున్నాడు. ఒక్కటే మారిస్తే రిపేరంటారు. రెండూ మారిస్తే సరదా అంటారు.

"ఇప్పుడు కొత్త లైట్లెందుకండీ? ఉన్నవాటికేం వచ్చింది?" అంది భార్య.

కళ్ళు పెద్దవి చేసి ఎంత అమాయకంగా అడిగిందో! ఇన్నేళ్ళ కాపురంలో ఆమెలో ఇంత నటి ఉందని అతనికి తెలియనే లేదు. నిలదీస్తే చిన్నబుచ్చుకుంటుంది, మళ్ళీ స్టీరింగు ముట్టుకోదు. లైసెన్సు చేతికొచ్చిన రోజు ఆమె వంటింట్లో గెంతిన గెంతు తలుచుకుని అతను మాట మింగేశాడు.

"చూపు మందగిస్తోందిలే," అన్నాడు.

బుధవారం లైట్ల పెట్టె వచ్చింది. సెలవు పెట్టి, కారుని వాకిట్లోకి తెచ్చి, సూచనల పుస్తకం ముందుమాటతో సహా చదివి పని మొదలుపెట్టాడు. బ్యాటరీ వైరు తీశాడు. బంపరు స్క్రూలు పదకొండు విప్పాడు. పన్నెండోది ఎక్కడుందో పుస్తకానికి తెలుసుగానీ కారుకి తెలియదు.

"ఏంటి మాస్టారూ, ఆపరేషనా?"

ఇన్‌స్పెక్టరు! స్టూలు కూడా చేత్తో పట్టుకుని మరీ వచ్చి, కారుకి ఎదురుగా బైఠాయించాడు.

"లైట్లు మారుస్తున్నారేం?"

"పాతబడ్డాయండీ."

"రెండూనా?"

"రెండూ ఒకేరోజు పుట్టాయి కదండీ."

ఇన్‌స్పెక్టరు నవ్వలేదు. "మూడ్రోజులు కారుకి ముసుగేశారు. మీకు ఎవరి మీదైనా అనుమానం ఉందా?"

"నాకా? ఎవరి మీదుంటుందండీ!" స్పానరు జారి లైబ్రేరియన్ కాలి మీదే పడింది.

ఆ తర్వాత ఇన్‌స్పెక్టరు మరీ మంచివాడైపోయాడు. పన్నెండో స్క్రూ ఆయనే వెతికిపెట్టాడు. బంపరు ఊడదీయడానికి ఓ చెయ్యి వేశాడు. కొత్త లైట్లు కూర్చోబెడుతుంటే కదలకుండా పట్టుకున్నాడు. లైబ్రేరియన్‌కి చెమటలు పట్టాయి. లైబ్రరీలో ఉన్న డిటెక్టివ్ నవలలన్నీ నమిలేసిన మనిషి. పోలీసువాడు తియ్యగా ఉన్నాడంటే ఉచ్చు బిగుస్తోందనే అర్థం.

వైర్లు కలిపి స్విచ్ వేయగానే రెండు తెల్లటి వెలుగులు ఎగజిమ్మాయి. ఒకటి గోడని, ఇంకోటి ఆకాశాన్ని చూస్తున్నాయి. స్క్రూ తిప్పి రెండిటినీ ఒక వరసలోకి తెచ్చాడు. టీ కప్పులతో వచ్చిన భార్య, "అబ్బ, ఎంత బాగున్నాయో!" అని మురిసిపోయింది.

ఇన్‌స్పెక్టరు కప్పు అందుకున్నాడు. తాగలేదు. గొంతు సవరించుకున్నాడు.

"మీరూ ఇక్కడే ఉన్నారు కాబట్టి మాటెత్తుతున్నానమ్మా. శనివారం సాయంత్రం..."

లైబ్రేరియన్ స్పానరు పడేసి ఇద్దరికీ మధ్య వచ్చి నిలబడ్డాడు.

"ఆవిణ్ణి ఏమీ అడగకండి! మీ గేటుని గుద్దింది నేను. ఏ కాగితం మీద సంతకం పెట్టమన్నా పెడతాను."

"మీరా?" భార్య తెల్లబోయింది. "శనివారం నేను కారు తెచ్చి పెట్టినప్పటి నుంచీ ఇవాళ పొద్దున మీరడిగేదాకా తాళాలు నా బ్యాగులోనే ఉన్నాయి కదండీ! దేంతో గుద్దారు?"

లైబ్రేరియన్ కిందపడ్డ స్పానరు కోసం వెతకడం మొదలుపెట్టాడు.

ఇన్‌స్పెక్టరు ఇద్దర్నీ మార్చి మార్చి చూశాడు. టీ కప్పు స్టూలు మీద పెట్టి, లేచి, పై అధికారి ముందు నిలబడ్డట్టు చేతులు కట్టుకున్నాడు.

"నన్నింక ఏడిపించకండి మాస్టారూ, నా కారు రివర్సులో తీస్తూ నా గేటునీ ఆ ఊపులో మీ కారునీ గుద్దింది నేనే. మీరెక్కడ కంప్లైంటు ఇస్తారోనని నాకు మూడ్రోజులుగా కంటిమీద కునుకు లేదు!"