ముగ్గురు సోంబర్లు

"ఒక్క నంబరు పోయినా ఈ షాపుకి తాళం ఏసేసి మా సాలూరు ఎలిపోతాను పిన్నీ!"

అరకులో సెల్‌ఫోన్ల షాపు పెట్టిన నాలుగేళ్లలో వంశీ ఆ మాట ఎందరితోనో అన్నాడు. ఇంతవరకు తాళం వెయ్యాల్సిన అవసరం రాలేదు. గెడ్డ నీళ్లలో పడిన ఫోన్లయినా, కుక్క కొరికిన ఫోన్లయినా, వాటిలోని నంబర్లు బయటికి తీయడంలో తనంతటివాడు కొండ కింద కూడా లేడని అతని నమ్మకం. అందులో కాస్త గొప్ప ఉంటే ఉండొచ్చు గానీ అబద్ధం మాత్రం లేదు.

శుక్రవారం సంతలో రాజ్‌మా గింజలు అమ్ముకుని వచ్చిన చిట్టెమ్మ బల్ల మీద రెండు ఫోన్లు పెట్టింది. ఒకటి మీటలు అరిగిపోయిన పాత సింబియన్ ఫోన్. రెండోది తళతళలాడుతున్న ఆండ్రాయిడ్. ఆ ఏడు, అంటే 2009లో, ఘాట్ రోడ్డెక్కి వచ్చిన ఆండ్రాయిడ్‌లను వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు.

"మా కూతురు సోనికి ఇశాపట్నం ఆస్పత్రిలో మంచి నర్సని ప్రైజిచ్చారు బాబూ. ఆ గుంట తను ఉంచుకోకుండా నాకంపేసింది. ఇందులోయి అందులోకి మార్సాల. నా పేర్లు ఒక్కటీ పోకూడదు."

"పేర్లూ నంబర్లూ అన్నీ వచ్చేత్తాయి."

"పేర్లు రావాల," అంది చిట్టెమ్మ మళ్లీ.

వంశీ పాత ఫోన్ తెరిచాడు. పేర్లు కిందికి జరుపుతుంటే ఎంతకీ తరగలేదు. నూట పన్నెండు, అన్నీ తెలుగులోనే. మండలాఫీసు గుమాస్తా ఫోన్లో కూడా అన్ని ఉండవు.

"ఏటి పిన్నీ, కొండంతా నీ ఫోన్లోనే ఉంది! ఇంతమంది ఉన్నదానివి, ఎప్పుడూ ఆ బుల్లి రీచార్జితోనే ఎలా నెట్టుకొత్తన్నావు?"

"నానేటి మాటాడతాను బాబూ. పనయ్యాక అరుగు మీద కూకుని సూసుకుంటాను. అంతే."

ఒకచోట వంశీ వేలు ఆగింది. సొబరు, సోబరు, సోంబరు. వరసగా మూడు.

"ఒకే మనిషి మూడుసార్లు ఎక్కినట్టున్నాడు. రెండు తీసీమంటావా?"

"అమ్మో, ముట్టుకోకు!" చిట్టెమ్మ అతని చెయ్యి పట్టేసుకుంది. "ముగ్గురూ ఉండాల. మొదటోడు ఉత్త తప్పు. రెండోవోడు కూసింత నయం. మూడోవోడే సరైనోడు."

వంశీకి సంగతి అర్థమైంది. సోమవారం పుట్టిన మగబిడ్డకు సోంబరు అని పేరు పెట్టే ఊళ్లలో ముగ్గురేం ఖర్మ, ముప్ఫైమంది సోంబర్లుంటారు. గుర్తు కోసం ఒక్కొక్కరిని ఒక్కోలా ఎక్కించుకుంది కాబోలు. పోయిన సంతలో ఇలాగే ఎవరి ఫోన్లోనో ఇద్దరు సోంబర్లను ఒక్కడిగా కలిపేసి, నంబర్లు రెండూ ఉన్నా పదిమందిలో చీవాట్లు తిన్నాడు.

"ముగ్గురిలో మీ ఇంటాయన ఎవరు మరి?"

మొగుడి పేరు నోటితో అనే అలవాటు చిట్టెమ్మకు లేదు. మూడో పేరు మీద వేలు పెట్టి, చెంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

వంశీ పేర్లన్నిటినీ మెమరీ కార్డులోకి ఎక్కించి కొత్త ఫోన్లోకి దించాడు. నూట పన్నెండూ దిగాయి. కానీ పేరుండాల్సిన ప్రతిచోటా ఖాళీ గడులు వరసకట్టి ఉన్నాయి. కార్డు తీసి మళ్లీ పెట్టినా అంతే.

"ఇయ్యేటి బాబూ, డబ్బాలు?"

"ఈ సిస్టంలోకి తెలుగు ఇంకా రాలేదు పిన్నీ. పేర్లన్నీ ఇంగ్లీషులో కొట్టిచ్చేత్తాను. ఓ గంట కూకో."

"ఇంత గొప్పదానికి తెలుగు రాదా!" చిట్టెమ్మ నిటారుగా నిలబడింది. "అయితే నాకొద్దు. సోనికే అంపేత్తాను. ఇయి నా సేత్తో ఎక్కించుకున్న పేర్లు బాబూ. ఒక్కో అచ్చరం కూడబలుక్కుని."

పొలం పట్టా చేతికొచ్చిన రోజున కూడా మనిషి మొహం అంత వెలగదు. ఎదురుగా నిలబడ్డ వంశీకి ముచ్చటేసింది. పనిలో పనిగా తన తాళం కబుర్లు గుర్తొచ్చి సిగ్గూ వేసింది.

"నన్ను మన్నించు పిన్నీ. మాట నిలబెట్టుకోలేకపోయాను."

"నువ్వేటి సేత్తావులే." ఆమె పాత ఫోన్ అందుకుంది. "నీ పేరేటి బాబూ?"

"వంశీ."

చిట్టెమ్మ నాలుక కొరుక్కుంటూ ఒక్కో మీటా నొక్కింది. బయట సాలూరు బస్సు హారన్ కొడుతున్నా తల ఎత్తలేదు. చివరికి ఫోన్ అతని ముందు పెట్టింది. "సూడు, సరిగ్గుందా?"

వంశీ. సున్నా, దీర్ఘంతో సహా.

"నా షాపు బోర్డు మీద ఉన్నట్టే ఉంది!"

"ఒక్కసారికే కుదిరింది," అని పొంగిపోయింది చిట్టెమ్మ.

"ఇలాగియ్యి, నంబరు నేను కొడతాను," అని ఫోన్ తీసుకున్నాడు వంశీ. మిగతావాళ్ల నంబర్లు ముందు సున్నా పెట్టి ఎక్కించుకుందో లేదో చూద్దామని మూడో సోంబరును తెరిచాడు. తర్వాత రెండో సోంబరును, మొదటి సోంబరును. ఆ తర్వాత పై నుంచి ఒక్కో పేరూ తెరుచుకుంటూ వచ్చాడు.

సోని పేరు కింద తప్ప ఎక్కడా నంబరు లేదు.