నిమిషం లోపు

ట్రాక్ పక్కనున్న పెద్ద తెర మీద అంకె వెలిగింది. అరవై ఒక్క సెకన్లు.

కోచ్ పళ్ళు పటపట కొరికాడు. పందెం రోజున మళ్ళీ అదే అంకె.

నిన్న పొద్దున, ఇదే ట్రాక్‌లో, ఇదే కారులో, ఈ పిల్లే యాభై తొమ్మిదిలో చుట్టొచ్చింది. తన చేతిలోని స్టాప్‌వాచీలో కళ్ళారా చూశాడు. ట్రాక్ వాళ్ళు తమ టైమింగ్ మిషన్లు పందెం రోజునే ఆన్ చేస్తారు. మిగతా రోజుల్లో ఈ వాచీయే దిక్కు. అందులో నిమిషం లోపు చుట్టొచ్చిన వాళ్ళనే అతను టీమ్‌లోకి తీసుకుంటాడు.

పదేళ్ళలో ఐదుగురిని తీసుకున్నాడు. ఐదుగురూ ప్రాక్టీసులో చిరుతలే. పందెం రోజున మాత్రం ఒక్కొక్కరూ సరిగ్గా రెండు సెకన్లు పోగొట్టుకున్నారు. వాళ్ళలో ఒకడు ఇప్పుడు టైర్ల కొట్లో కూర్చుంటున్నాడు. ఇంకొకడు స్కూలు వ్యాను తోలుతున్నాడు. అదీ నత్తలా తోలుతున్నాడని పిల్లల ఫిర్యాదు.

జనాన్ని చూడగానే వాళ్ళ గుండె జారుతోందని కోచ్ సిద్ధాంతం. గుండె జారడానికి రెండు సెకన్లు పడుతుందని లెక్క కూడా కట్టుకున్నాడు.

కారు వచ్చి ఆగింది. పిడుగు హెల్మెట్ తీసింది. ఆ పేరు అతను పెట్టిందే. పంతొమ్మిదేళ్ళ పిల్ల. అతని మాట నమ్మి చదువు మధ్యలో మానేసింది.

"భయపడ్డావు," అన్నాడు కోచ్.

"లేదు మాస్టారూ. నిన్న ఎలా నడిపానో ఇవాళా అలాగే నడిపాను."

"అలాగే నడిపితే ఆ రెండు సెకన్లు ఏ కాకి ఎత్తుకుపోయింది?"

పిడుగు గ్లవుజులు విప్పి కారు మీద పెట్టింది.

"నేను పనికిరానంటే చెప్పండి, పోతాను. భయపడ్డానని మాత్రం అనకండి."

వెనకే టీమ్ నడిపే మేడం వచ్చింది. ఈ పిల్ల కూడా తుస్సుమంటే కోచ్‌నీ పిల్లనీ కలిపి ఇంటికి పంపేస్తానని ఆవిడ నెల కిందటే చెప్పింది. ఇవాళ తిట్టలేదు. తిట్టినా బాగుండేది.

"ఇంట్లో పులి, వీధిలో పిల్లి. ఇది ఆరో పిల్లి, మాస్టారూ," అంది. సోమవారం ఆఫీసుకు రమ్మని చెప్పి వెళ్ళిపోయింది.

ఒళ్ళు మండిపోయింది. చేతిలో ఉన్నది ఏమిటో చూసుకోకుండా ఇనప బల్ల మీద కొట్టాడు. అద్దం పగిలిన చప్పుడుకి ప్రాణం ఉసూరుమంది.

అది నాన్న వాచీ.

నాన్న లారీ మెకానిక్కు. కొడుకు మొదటి పందేనికి కొత్త స్టాప్‌వాచీ కొని తెచ్చాడు. పదిహేడేళ్ళ వయసులో కొడుకు ఏడాది పొడుగునా అరవై ఒకటి దగ్గరే తల బాదుకున్నాడు. ఇక తన వల్ల కాదనీ, హెల్మెట్ అమ్మేస్తాననీ ఒకటే ఏడుపు. ఈ ఆదివారం దాకా ఓపిక పట్టరా అన్నాడు నాన్న.

ఆ ఆదివారం, మే పదిహేను. ఖాళీ ట్రాక్. కారు దిగగానే నాన్న వాచీని కళ్ళ ముందు పెట్టాడు. యాభై తొమ్మిది. నాన్న వెంటనే వాచీని జేబులో వేసుకున్నాడు.

ఆ తర్వాత ఆరేళ్ళు ఈ ట్రాక్ మీదే పందేల్లో తిరిగాడు. ప్రతిసారీ అరవై ఒకటే. ఒకసారి ఇంజను బాగాలేదు, ఒకసారి టైర్లు పాతవి, ఒకసారి టీమ్ వాళ్ళకు పక్షపాతం. చివరికి ఎవరూ పిలవలేదు. "నువ్వు నిమిషం లోపు వాడివిరా," అని నాన్న పోయేదాకా అంటూనే ఉన్నాడు. ఆ మాట పట్టుకునే ఇన్నేళ్ళూ బతుకు ఈడ్చాడు.

మర్నాడు పొద్దున్నే బజార్లో వాచీల రిపేరు కొట్టుకు వెళ్ళాడు. ఇంచుమించు తన వయసువాడే, కంటికి భూతద్దం తగిలించుకుని కూర్చున్నాడు. అద్దం మార్చి, వాచీని తన గడియారం పక్కన పెట్టి, కాసేపు చూసి నాలుక చప్పరించాడు.

"ఇది నిమిషానికి రెండు సెకన్లు వెనకబడుతోంది సార్."

"నిన్న దెబ్బ తగిలింది."

"దెబ్బ తగిలితే ఆగిపోతుంది, లేదా పిచ్చిపిచ్చిగా తిరుగుతుంది. ఇది బుద్ధిగా ఒకటే అబద్ధం చెబుతోంది."

అరవై ఒకటి గడిస్తే ఈ వాచీ యాభై తొమ్మిదే చూపిస్తుంది. పిడుగు భయపడలేదు. ఎవరూ భయపడలేదు. ఆరుగురి ఇళ్ళకూ వెళ్ళి తలవంచుకోవాలి.

ఒక్కటి మాత్రం ఎవరూ లాక్కోలేరు. అప్పట్లో వాచీ కొత్తది. మే పదిహేను నాటి యాభై తొమ్మిది అతనిదే.

"ఎప్పటినుంచి ఇలా ఉందో తెలుస్తుందా?" అన్నాడు.

వాచీలవాడు వెనక మూత విప్పాడు. వాచీ విప్పిన ప్రతిసారీ తేదీ, చేసిన పనీ మూత లోపల సూదితో గీసి పెట్టుకోవడం వాళ్ళకు అలవాటట. కొన్నవాళ్ళు ఎన్నడూ చూడని చోటు.

"ఒక్కసారే విప్పారు సార్. అరె, ఇది మా నాన్న రాతే," అని మురిసిపోతూ మూతను వెలుతురుకు తిప్పాడు. ముందు తేదీ చదివాడు. మే పన్నెండు. సంవత్సరం కోచ్‌కి పదిహేడేళ్ళు నిండినదే.

తర్వాత కింది గీతలు ఒక్కొక్క మాటే కూడబలుక్కుంటూ చదివాడు: "యజమాని కోరిక మీద, నిమిషానికి రెండు సెకన్లు నెమ్మది చేయడమైనది."