గదిలో నిలవని మేడమ్

"చూశారా మాస్టారూ, మళ్ళీ వెళ్ళిపోయింది!"

లెసియెలి టీచర్ కీబోర్డు మీద నుంచి చేతులు తీసేసింది. టీచర్లకు శిక్షణ ఇవ్వడానికి రాజధాని నుంచి వచ్చిన తానియెల కంప్యూటర్ గదిలో అడుగు పెట్టాడో లేదో, హెడ్మిస్ట్రెస్ మెలెనైతె మర్యాద కోసం బట్టల మీద నడుముకు చుట్టుకున్న చాప సర్దుకుని వెనక గుమ్మంలోంచి బయటికి నడిచింది. సోమవారం నుంచీ ఇదే వరస. ఆయనైనా ఆపుతాడా అంటే అదీ లేదు. ఆవిడ వెళ్ళేదాకా తల వంచుకుని గోడవైపు తిరిగి నిలబడ్డాడు.

"పెద్దావిడ కదమ్మా, మౌస్ పట్టుకుంటే చెయ్యి వణుకుతుందేమో. మన ముందు నామోషీ," అన్నాడు లెక్కల మాస్టారు పీతా.

"ఆవిడ నామోషీకి పిల్లలు బలి కావాలా?"

లెసియెలి ఒళ్ళు మండిపోతోంది. బడి కప్పు మీద ఇంటర్నెట్ డిష్ బిగించారు గానీ లైను ఇవ్వలేదు. హెడ్మిస్ట్రెస్‌తో సహా టీచర్లందరూ తన ఎదుట పని చేసి చూపించారని తానియెల ఫోన్ చేసి చెబితేనే ఇస్తారు. లేదంటే ఈ సాయంత్రం పడవలోనే డిష్ పక్క దీవికి పోతుంది. ఈ ఏడు పెద్ద పరీక్ష కంప్యూటర్ మీదే. ఇక్కడ లైను లేకపోతే పిల్లలు సముద్రం దాటి వెళ్ళి రాయాలి, పడవ ఖర్చు పెట్టుకోలేనివాళ్ళు చదువు మానుకోవాలి.

ఆ పిల్లలకు టైపింగ్ ఎలా వచ్చిందనుకున్నారు? అట్టముక్కల మీద అక్షరాలు గీసి నేర్పింది లెసియెలి. తర్వాత వచ్చిన నాలుగు పాత కంప్యూటర్లనీ మగపిల్లలకు పొద్దున, ఆడపిల్లలకు మధ్యాహ్నం పంచింది. ఈ దీవుల్లో వయసొచ్చిన అన్నాచెల్లెళ్ళు, అక్కాతమ్ముళ్ళు ఒకే గదిలో కూర్చుని ఒకే తెర చూడటం మర్యాద కాదు మరి. పెదనాన్న పిల్లలూ పిన్ని పిల్లలూ కూడా ఆ లెక్కలోకే వస్తారు, అంత చిన్న దీవిలో ఎవరికి ఎవరు కారు? ఇన్ని తిప్పలు పడి ఒక దారికి తెస్తే, ఈ ఏడే బదిలీ మీద వచ్చిన ఈ మహాతల్లి అంతా గంగలో కలిపేస్తోంది!

విసవిసా వరండాలోకి వెళ్ళింది.

"మేడమ్, లోపలికి రండి."

"నువ్వు నేర్చుకో అమ్మాయ్. తర్వాత నాకు నువ్వే నేర్పుదువుగాని."

"నేను నేర్పితే చెల్లదు. ఆయన పక్కన కూర్చునే చెయ్యాలి."

"అయితే ఇంకొకర్ని పంపమను. ఎవరైనా సరే, వస్తాను."

"మీ కోసం ఇంకో పడవ వేస్తారా? ఆయనేం పాపం చేశాడు?"

"పాపం కాదమ్మా, దానికో కారణం..."

"మీ కారణాలు నాకొద్దు!"

మధ్యాహ్నం ఊరి తల్లులు చేమాకుల్లో చుట్టి కాల్చిన మాంసం తెచ్చి అతిథికి పెట్టారు. తానియెల అందులో మంచి ముక్కలన్నీ ఏరి, వరండాలో కూర్చున్న ఆవిడకు పంపించాడు. లెసియెలికి ఆయన మీద కూడా అసహ్యం వేసింది.

"మొహమైనా చూడని మనిషిని ఇంకా బతిమాలుకుంటున్నారా సార్? రోషం లేదూ?"

"ఆవిణ్ణేమీ అనకండి," అన్నాడాయన మెల్లగా.

సాయంత్రం పడవ రేవులోకి వచ్చి కూత పెట్టింది. లెసియెలి ఇక ఆగలేకపోయింది. తల్లులందరూ చూస్తుండగా వరండాలోకి వెళ్ళి, మెలెనైతె చెయ్యి పట్టుకుని లోపలికి లాక్కొచ్చింది. తలుపు వేసి, తానియెల పక్క కుర్చీలో కూర్చోబెట్టింది.

"మీ పంతం కన్నా ఈ పిల్లలు తక్కువా మేడమ్? చెయ్యండి! చెయ్యకపోతే వాళ్ళకి మీరే వెళ్ళి చెప్పండి!"

మెలెనైతె కిటికీలోంచి తొంగి చూస్తున్న పిల్లల వైపు చూసింది. మౌస్ అందుకుంది. చెయ్యి వణకలేదు. ఫైలు తెరిచింది, పాఠం టైపు చేసింది, బొమ్మ చేర్చింది. పీతా నోరు తెరిచాడు. ఇంత వచ్చినావిడ ఇన్నాళ్ళూ ఎందుకేడిపించినట్టు?

తానియెల మాత్రం కుర్చీలోంచి జారి నేల మీద కూర్చున్నాడు. ఓరకంట తెర చూసి, వెంటనే చూపు దించేసుకున్నాడు. ఫోన్ తీసి, "అందరూ పూర్తి చేశారు," అని చెప్పాడు. కాసేపటికి తెర మీద ఇంటర్నెట్ వచ్చింది. బయట పిల్లలు ఎగిరి గంతులేశారు.

తానియెల ఎవరికీ చెప్పకుండా, వంగి నడుస్తూ బయటికి వెళ్ళిపోయాడు.

"చూశారా? ఆయన పక్కన కాసేపు కూర్చుంటే ఏం మునిగిపోయింది మేడమ్?" అంది లెసియెలి, కసి తీరక.

మెలెనైతె కళ్ళు తుడుచుకుంది.

"వాడు నా తోడబుట్టిన తమ్ముడమ్మా."