ఒక్కగానొక్క విద్యార్థి

“నేను మారిపోతానండి సార్. కామర్సులో చేరిపోతాను,” అన్నాడు హరిప్రసాద్.

భానుప్రకాష్ చేతిలోని చాక్‌పీసు జారిపడింది.

ఏలూరులోని ఆ ప్రైవేటు కాలేజీలో ఫిలాసఫీ మేజర్‌కి లెక్చరర్ భానుప్రకాష్ ఒక్కడే. విద్యార్థీ హరిప్రసాద్ ఒక్కడే. కిందటేడు ఇద్దరుండేవారు. వెబ్ ఆప్షన్లలో తప్పు నొక్కి వచ్చిపడినవాళ్ళు. కొల్లేరులో చేపల చెరువుల మీద పని దొరకగానే వెనక్కి తిరిగి చూడకుండా పోయారు. ఇప్పుడు ఈ ఒక్కడూ పోతే సెక్షను ఎత్తేస్తారు. దాంతోపాటు భానుప్రకాష్ ఉద్యోగమూ ఊడుతుంది.

అందుకే శిష్యుణ్ణి అపురూపంగా చూసుకుంటున్నాడు. పొద్దున్నే తాడేపల్లిగూడెంలో రైలెక్కించి, కిటికీ పక్క సీటు పట్టిచ్చి, ఏలూరులో జాగ్రత్తగా దించి, ఆటోలో కాలేజీకి తెస్తాడు. బల్ల గట్టిగా ఉందంటే దిండు తెచ్చాడు. మధ్యాహ్నం క్యారియర్ విప్పి వడ్డించేదీ అతనే. పొరపాటున కూడా నువ్వు అనడు. ఉన్న ఒక్క శిష్యుణ్ణీ నువ్వు అనే ధైర్యం ఏ మాస్టారికుంటుంది చెప్పండి!

ఇంత చేసినా హరిప్రసాద్ ముందు బెంచీలో దిండుకానుకుని హాయిగా కునుకు తీస్తాడు. మెలకువగా ఉంటే మరీ ప్రమాదం.

“ఉల్లిపాయ పొరలన్నీ ఒలుచుకుంటూ పోతే చివరికి ఏం మిగులుతుందండీ?” అని అడిగాడు భానుప్రకాష్ ఒకరోజు. గూడెంలో ఉల్లిపాయల కొట్టున్న మనిషి కదా, ఇదైనా తలకెక్కుతుందని ఆశ.

“నష్టం మిగులుతుందండి. ఒలిచిన ఉల్లిపాయ ఎవడు కొంటాడండీ?”

‘నేను ఎవరు’ అన్న ప్రశ్న మనిషిని నిద్రపోనివ్వదని ఇంకోరోజు చెప్పాడు. అప్పటికే గురక వినిపిస్తోంది.

ఇప్పుడేమో కామర్సంటున్నాడు.

“అక్కడైతే జీఎస్టీ చెబుతారటండి. కొట్టుకి పనికొస్తుంది. ఇక్కడేముందండీ? పొద్దస్తమానం నేనున్నానా లేనా అని గొడవ. ఉన్నానండి! ఈ నడుం నొప్పి చాలదా సాక్ష్యానికి?”

“ఈ ఒక్క ఏడాదీ ఓపిక పట్టండి. మీ కాళ్ళు పట్టుకుంటాను,” అంటూ భానుప్రకాష్ నిజంగానే వంగాడు.

సరిగ్గా అప్పుడే ప్రిన్సిపాల్ కృపావరం గుమ్మంలోకి వచ్చింది. చూసీ చూడనట్టు గొంతు సవరించుకుంది.

“హరిప్రసాద్ గారూ, కామర్సుకి మారతానన్నారట. మీరు వెళ్తే ఈ సెక్షను ఇవాళే మూసేస్తామండి. ఏమంటారు?”

హరిప్రసాద్ దిండు సర్దుకున్నాడు. లెక్చరర్ మొహంకేసి చూశాడు. పాపం, నెత్తురుచుక్క లేదు.

“ఉంటానండి,” అన్నాడు చివరికి.

ఆవిడ వెళ్ళిపోయింది. భానుప్రకాష్‌కి సంతోషంతో ఏడుపొచ్చినంత పనైంది. మెట్ల దగ్గరికి వచ్చాక ఇక ఉండబట్టలేక అడిగేశాడు.

“ఇంత విసుగ్గా ఉంటే మరి ఎందుకున్నారండీ?”

“నువ్వు ఇంటరు పాసై ఈ చదువు చదువుతానన్ననాడు, అడుక్కుతింటావురా అని కొట్లో గుమాస్తాల ముందు చెవి మెలేసి మరీ చెప్పాను కదరా అబ్బాయ్, ఇప్పుడు నా మాట నిజం కానిస్తానా?” అన్నాడు డెబ్బై దాటిన హరిప్రసాద్, కొడుకు భుజం ఆసరాగా ఒక్కో మెట్టూ దిగుతూ.