ఉరుము లేని వాన

ఇప్పుడు వానను ఫోన్‌లో బుక్ చేసుకుంటే డ్రోన్లు వచ్చి కురిపించి పోతాయి. ఉరుము మాత్రం ఉండదు. నేల అదరకపోవడంతో మట్టిలో నిద్రపోయే కప్పలు ఏళ్లుగా పైకి రాలేదు.

ఈ ఏడే భర్తను పోగొట్టుకున్న సుంకులమ్మ, వాన పడుతుండగా పెరట్లో రోకలితో నేలను దంచసాగింది.

“కప్పలకు పిండి దంచుతాండావా అత్తా?” కోడలు నాగవేణి నవ్వింది.

“లోపల బతికుండాయో లేదో సూడొద్దా?”

కాసేపటికి మట్టి కదిలింది. ముందు చిన్న మూతి, వెనకే పొంగిన పూరీలాంటి గోధుమరంగు ఒళ్లు బయటికొచ్చాయి. నీటిగుంటలో కూర్చుని కప్ప గట్టిగా అరిచింది.

“వచ్చె గదా! తడిసిపోతాండావు, లోపలికి రా అత్తా.”

సుంకులమ్మ దంచడం ఆపలేదు.

“ఒక్కటే గదమ్మా వచ్చింది. అది పిలిస్తే పలికేది ఇంకోటి రావద్దా?”

నాగవేణి ఈసారి నవ్వలేదు. లోపలికి వెళ్లి పచ్చడిబండ తెచ్చి, అత్త పక్కన కూర్చుని తనూ నేలను దంచసాగింది.