ఒకే ముఖం

భూమేష్ ముఖం ఒక్కటే ఉంది. దాని పక్కన ఈసారి ఏం పెట్టాలో బాలన్నకు తోచలేదు.

సౌదీలోని ఖమీస్ ముషైత్ క్యాంపు గదిలో, బాలన్న పక్కన భూమేష్ మంచం ఖాళీ. పరంజా మీద నుంచి పడి చనిపోయాడు. శవం మార్చురీలో ఉంది. కాగితాల మీద సంతకానికి కఫీల్, పనికి రప్పించుకున్న యజమాని, తిప్పుతున్నాడు. అక్కడ జగిత్యాల పక్క ఊళ్లో, అత్తతో ఉంటున్న అతని భార్య సునీతకు నెలలు నిండుతున్నాయి. బీపీ ఎక్కువ. కాన్పు కాకముందే మొగుడి చావు కబురు ఆమె చెవిన పడితే రెండు ప్రాణాలూ దక్కవని బాలన్న భయం.

దారి చూపింది ఉదయకిరణ్. కాకినాడవాడు. సినిమా ఎడిటింగ్ నేర్చుకుని ఇక్కడ ఫోర్క్‌లిఫ్ట్ నడుపుతున్నాడు. వందేళ్ల కిందట రష్యాలో కులెషోవ్ అనే దర్శకుడు ఉండేవాడట. కొత్త ఫిలిం దొరక్క పాత ముక్కలే కత్తిరించి అతికించేవాడట. ఏ భావమూ లేని ఒక నటుడి ముఖం పక్కన సూప్ గిన్నె చూపిస్తే జనం ఆకలన్నారు. శవపేటిక చూపిస్తే దుఃఖమన్నారు. పసిపాపను చూపిస్తే ప్రేమన్నారు.

"ముఖం మారదన్నా. చూసేవాళ్లే నింపుకుంటారు."

బాలన్న ఫోన్లో ఉన్నవి కిందటేడు దసరా నాటి వీడియో ముక్కలు. పండగకు నున్నగా గడ్డం గీసుకున్న భూమేష్ మాట్లాడడు, ఊరికే చూస్తుంటాడు. ఉదయకిరణ్ ఆ చూపు పక్కన పొగలు కక్కే మటన్ మండి పళ్లెం అతికించాడు. మరోసారి కొండల మీద వాన. ఇంకోసారి సునీత పంపిన స్కానింగు ఫోటో. కొత్త సైటులో సిగ్నల్ లేదు, అందుకే ఫోన్ చేయలేడని బాలన్న ఆ వీడియోలతో పాటు సునీతకు కబురు చేశాడు.

ప్రతిదానికీ ఆమె వాయిస్ మెసేజే జవాబుగా వచ్చేది. మండి తింటున్నాడని, ఒళ్లు చేశాడని గట్టిగా నవ్వేది. స్కానింగు చూసి ఆయన కళ్లు చెమర్చాయని చెప్పింది.

"మీ రష్యాయన పెద్ద మాయగాడు తమ్మీ," అని బాలన్న దుప్పటి ముసుగేసుకుని ఏడ్చాడు.

పాప పుట్టింది. ఇక దాచే వీల్లేదు. బాలన్న ఫోన్ చేశాడు.

"చెల్లె, నీకొక మాట చెప్పాలె."

అవతల తలుపు దగ్గరికేసిన చప్పుడు వినిపించింది.

"మొదటి వీడియోకే సమజైందన్నా," అంది సునీత మెల్లగా, "కడుపుతోనున్నదాని మొగడు గడ్డం గీకడు గద, గవి పాతయని ఎరుకైంది. గా నవ్వులన్నీ, కండ్లు కనవడని మా అత్తమ్మ ఇనాలని నవ్విన."